పేరు కొట్టివేసిన పిమ్మట

వేసవి వచ్చినదనిన పదవ తరగతి పరీక్షాఫలితములు వచ్చును. ఆనాడు మొదటి వరుసలో నిలిచిన బాలబాలికల ఛాయాచిత్రములను, వారి నోట మిఠాయి పెట్టుచున్న తల్లిదండ్రుల ముఖములను ప్రచురింపని పత్రిక యుండదు. మా పత్రికయు అందులకు వేరుగాదు. 2025 ఏప్రిలు నెలలో వెలువడిన ఫలితముల ననుసరించి ఆంధ్రప్రదేశములో 6,14,459 మంది ఈ పరీక్షకు కూర్చుండగా 4,98,585 మంది ఉత్తీర్ణులైరి; అనగా నూటికి ఎనుబదియొక్కరు. ఈ సంఖ్య పెరిగినదా తరిగినదా యని కొన్నిదినములపాటు వాదములు జరిగినవి. తక్కిన లక్షా పదునైదువేల పైచిలుకు పిల్లలనుగూర్చి మాత్రము, అనుబంధపరీక్ష యెన్నడు జరుగునో చెప్పుటతోనే అందరును ఊరకుండిరి.

వారిలో అనేకులు అనుబంధపరీక్షలో గట్టెక్కుదురు. గట్టెక్కనివారు ఏమగుదురు? ఈ ప్రశ్న వేసినవారు అరుదు. దానికి లెక్కతో సమాధానము చెప్పగలవారు మరియు అరుదు.

గణితములో పది మార్కులు తక్కువైన పిల్లవాడు మరుసటి యేడు మరల రుసుము కట్టును. తనకంటె చిన్నవారి నడుమ కూర్చుండి పరీక్ష వ్రాయుటకు సిగ్గుపడి, ఆ దినమున కాలినొప్పియనియో కడుపునొప్పియనియో ఇంట నుండిపోవును. మూడవయేటికి అతని పేరు ఏ పుస్తకములోను కానరాదు. పాఠశాలవారు హాజరుపట్టీలో కొట్టివేసినారు, కళాశాలవారు చేర్చుకొనలేదు, కర్మాగారములవారు అతని నెరుగరు. ఉదయమున ఎండ యెక్కినపిమ్మట లేచి, సెల్‌ఫోను దుకాణపు అరుగుమీద పొద్దు పుచ్చును. సాయంకాలమునకు క్రికెట్టు పందెములు. తండ్రి తిట్టును, తల్లి చాటుగా నూరు రూపాయలు చేతిలో పెట్టును. మూడునెలలు హైదరాబాదులో మోటారు సైకిలుపై ఇంటింటికి సామానులు చేరవేయును. రెండునెలలు పెండ్లిండ్లలో వడ్డనపనికి పోవును. పండుగకు ఇంటికి వచ్చి తిరిగిపోడు. ఇట్టివాడు మీ వీథిలో నున్నాడు, మా వీథిలోను ఉన్నాడు. ఇతడు సోమరియని ఊరు తీర్పు చెప్పివేసినది.

ఈ తీర్పును మేము అంగీకరింపజాలము. ఒకడు సోమరి కావచ్చును, పదిమంది కావచ్చును. 2020-21 లో జాతీయ నమూనా సర్వేవారు తమ డెబ్బదియెనిమిదవ విడతలో విచారింపగా, భారతదేశమున పదునైదు మొదలు ఇరువదినాలుగేండ్ల వయస్సు వారిలో నూటికి సుమారు 29 మంది చదువులోగాని, పనిలోగాని, ఏదేని శిక్షణలోగాని లేరని తేలినది. అది మహమ్మారి కాలమను మాట నిజమే. ఆ కారణమున కొంత తగ్గించి చూచినను, ఒక తరములో నాలుగింట ఒక వంతునకు సోమరితనము అంటుకొన్నదని చెప్పుట బుద్ధిమంతుల వాదము కానేరదు. బాటసారి యొకడు దారి తప్పిన అది వాని పొరపాటు. వేలకొలది జనులు ఒక్కచోటనే దారి తప్పుచున్నచో ఆ చోట దారి తెగినదేమో చూడవలెను.

ఆ లెక్కలోనే మరియొక సంగతి గలదు. ఆ వయస్సు మగపిల్లలలో ఇట్టివారు నూటికి పదునారుగురు కాగా, ఆడుపిల్లలలో నలుబదినలుగురికి సమీపముగా నున్నారు. ఆడుపిల్ల అరుగుమీద కూర్చుండదు గనుక ఆమె ఎవరి కంటను పడదు. ఆమె సోమరియని ఎవరును అనరు; అనుటకు వీలులేదు. తెల్లవారుజామున లేచి వాకిలి చిమ్మి, నీరు మోసి, వంట చేసి, తమ్ముని బడికి పంపి, పశువునకు మేత వేసి, మధ్యాహ్నమున మిరపకాయల తొడిమలు తీయబోవుచున్న పదునారేండ్ల బాలికను పనిలేనిదానిగా లెక్కించిన గణకుని కలమునకు నమస్కారము! లెక్కలో తప్పున్నను భావములో తప్పులేదు. ఆమె చేయు పనికి కూలిలేదు, ఆ పనివలన రేపటికి ఒక విద్య యబ్బదు. ఊరిలోని బడి ఎనిమిదవ తరగతితో ముగిసినది. ఉన్నత పాఠశాల నాలుగుమైళ్ల దూరము. సాయంకాలపు బస్సు వచ్చినరోజు వచ్చును, రానిరోజు రాదు. తల్లిదండ్రులు భయపడి మానిపించిరి. మానిపించిన రెండవయేట సంబంధము చూచిరి. 2019-21 నాటి జాతీయ కుటుంబారోగ్య సర్వే ననుసరించి, ఇరువది మొదలు ఇరువదినాలుగేండ్ల స్త్రీలలో పదునెనిమిదేండ్లు నిండకముందే పెండ్లియైనవారు ఆంధ్రప్రదేశములో నూటికి 29.3, తెలంగాణములో 23.5. వీరేశలింగము పంతులుగారు పుట్టిన నేలమీద ఇరువదియొకటవ శతాబ్దమున ఈ సంఖ్యను అచ్చువేయవలసివచ్చుట మాకు సంతోషము కలిగించు పని కాదు. చదువు మానుట, పెండ్లి యగుట అను రెండును వేరు వేరు సంగతులని తలచువారు ఏ గ్రామమునకైనను పోయి విచారింపవచ్చును. బడిలో నున్న పిల్లకు పెండ్లిమాట ఎత్తుటకు పెద్దలు జంకుదురు. ఇంట నున్న పిల్లకు జంకరు.

చట్టమేమి చెప్పుచున్నది? 2009 లో చేయబడి 2010 ఏప్రిలు 1 వ తేదీనుండి అమలునకు వచ్చిన నిర్బంధ విద్యాహక్కు చట్టము ఆరుమొదలు పదునాలుగేండ్ల వరకే వర్తించును. పదునాలుగు నిండిన మరునాడు బాలునిపై రాజ్యమునకుగల బాధ్యత ఒక్కసారిగా సన్నగిల్లును. 2020 నాటి జాతీయ విద్యావిధానము పదునెనిమిదేండ్ల వరకు అందరికిని విద్య యుండవలెనని కోరినది. కోరుట వేరు, హక్కుగా నొసగుట వేరు. ఓటుహక్కు పదునెనిమిదవ యేట వచ్చును. నడుమనున్న నాలుగేండ్లలో బాలుడు బడిలో నున్నచో బడివారు చూచుకొందురు, లేనిచో వానిని చూచు బాధ్యత ఏ యధికారిపైనను స్పష్టముగా లేదు. దారి తెగినది సరిగా ఇచ్చటనే.

తిరిగివచ్చుటకు మార్గములే లేవని మేము చెప్పుటలేదు. మార్గములు గలవు, కొన్ని మంచివియే. 1991 లో ఏర్పడిన ఆంధ్రప్రదేశ సార్వత్రిక విద్యాపీఠము, రాష్ట్రవిభజన పిమ్మట తెలంగాణములో ఏర్పడిన అట్టి సంస్థ, దేశమంతటికిని 1989 లో నెలకొల్పబడిన జాతీయ సంస్థ యను మూడును పదునాలుగేండ్లు నిండినవానిని పదవ తరగతి పరీక్షకు స్వీకరించును. అంతకుముందు ఎంత చదివినావని గట్టిగా నిలదీయవు. పాఠ్యాంశములన్నియు ఒక్కసారిగా వ్రాయనక్కరలేదు; కొన్ని ఇప్పుడు, కొన్ని తరువాత వ్రాయవచ్చును; ఉత్తీర్ణమైన పాఠ్యాంశము వానికి జమయై యుండును. పగలు పనిచేసికొనువానికి ఇంతకంటె అనుకూలమైన ఏర్పాటు ఏమికావలెను? ఇక చేతిపనులకు పారిశ్రామిక శిక్షణ సంస్థలు గలవు. వీనిలో చేరుటకు పదవ తరగతి తప్పనిసరియని చాలమంది తలచుచున్నారు. వెల్డరు, వైరుమను, కుట్టుపని వంటి కొన్ని వృత్తులకు ఎనిమిదవ తరగతి చాలును. ఎనిమిదవ తరగతితో చేరి రెండేండ్ల శిక్షణ ముగించినవాడు, జాతీయ సార్వత్రిక విద్యాసంస్థవారి భాషాపరీక్ష వంటి కొలదిపాటి పరీక్షలు వ్రాసి పదవ తరగతికి సమానమైన యోగ్యతను పొందు ఏర్పాటును గలదు. అనగా చదువు తప్పినవాడు పనిగుండా చదువులోనికి మరల ప్రవేశింపవచ్చును. ఈ సంగతి తెలిసిన తండ్రి పదిగ్రామములలో ఒక్కడైన ఉండునా యని మా సందేహము. 1910 లో బందరున ఆంధ్ర జాతీయ కళాశాలను స్థాపించిన కోపల్లె హనుమంతరావుగారు మొదలగు పెద్దలు పుస్తకవిద్యను, చేతిపనిని ఒక్క కప్పుక్రిందకు తెచ్చినపుడు ఆశించినది ఇట్టిదే. నేడు రాజ్యమే ఆ ద్వారము తెరచి, తెరచితినని మాత్రము చెప్పుట మరచినది.

మరియొక ద్వారము 1961 నాటి అప్రెంటిసుల చట్టము. ముప్పదిమందికి తక్కువకాకుండ పనివారుగల ప్రతి సంస్థయు తన పనివారి సంఖ్యలో నూటికి రెండున్నరకు తగ్గకుండ అప్రెంటిసులను చేర్చుకొనవలెనని దాని నియమములు విధించుచున్నవి. అంతకంటె చిన్న సంస్థలు ఇష్టమున్న చేర్చుకొనవచ్చును. 2019 లో సవరించిన నియమములలో, ఐదుమొదలు తొమ్మిదవ తరగతివరకు చదివినవానికి సైతము నెలకు 5,000 రూపాయలకు తగ్గని భృతి నిర్ణయింపబడినది. పని నేర్చుకొనుచు భృతి పొందవచ్చును. భృతిలో కొంతభాగము ప్రభుత్వము భరించును.

ఇన్ని ద్వారము లుండగా పిల్లలు లోనికి ఏల పోరు? వారి ప్రక్కన నిలిచి ఒకరోజు చూచినచో తెలియును. సార్వత్రిక విద్యాపీఠములో చేరుటకు అంతర్జాలములో దరఖాస్తు పెట్టవలెను. ఆధారు కార్డులో పుట్టినతేదీ యొకటి, పాత బడిపత్రములో మరియొకటి. ఇంటిపేరు ఒకచోట ముందు, మరియొకచోట వెనుక. దీనిని సవరించుటకు మండల కేంద్రమునకు రెండుమార్లు, మీసేవకో సచివాలయమునకో మూడుమార్లు తిరుగవలెను. కూలికి పోవు తల్లికి తిరిగిన ప్రతిదినమును ఒకనాటి కూలి నష్టము. పాత బడికిపోయి బదిలీపత్రము అడుగుట యన్నింటికంటె కష్టము. ఆ బడిలోనే గదా నలుగురిముందు ‘నీకు చదువు రాదు’ అనిపించుకొన్నది! నాలుగేండ్ల తరువాత మీసములు వచ్చినవాడు అదే ప్రధానోపాధ్యాయుని బల్లముందు నిలిచి, తనకు చదువు కావలెనని చెప్పుటకు ఎంత ధైర్యము కావలెనో మనవంటివారు ఊహింపలేరు. మన మెన్నడును ఆ బల్లముందు అట్లు నిలువలేదు.

ఈ సందులోనే దళారి ప్రవేశించును. అతడు వీథికి వచ్చి, సొమ్మిమ్ము, పత్రములన్నియు నేనే చూచుకొందును, పరీక్షహాలులో సంగతియు నేనే చూచుకొందును అనును. పిల్లవాడు పుస్తకము విప్పకయే పదవ తరగతి ‘చదివినవా’డగును. ఆ పత్రమును చూచి పని యిచ్చినవాడు వారములో వాని చదువెంతో గ్రహించి, అట్టి పత్రములన్నింటిని నమ్ముట మానును. నిజముగా రాత్రులు కూర్చుండి చదివి ఉత్తీర్ణుడైన మరియొక పేదవాని కష్టము దీనితో మంటగలియుచున్నది. సార్వత్రిక పరీక్షలలో చూచివ్రాతను అరికట్టుమని మేము ఎన్నిమార్లు వ్రాసినను తనివి తీరదు. ఇది నీతికి సంబంధించిన ప్రశ్న మాత్రమే కాదు, బీదవాని ఆస్తికి సంబంధించిన ప్రశ్న. వానికి గల ఆస్తి ఆ పత్రమొక్కటియే.

ప్రభుత్వములు చేయుచున్న శిక్షణలనుగూర్చి ఒకమాట. 2014 లో దీనదయాళుని పేరిట గ్రామీణ యువకులకు, 2015 లో ప్రధానమంత్రి పేరిట అందరికిని నైపుణ్యపథకములు వచ్చినవి. మూడునెలలు శిక్షణ యిచ్చి, నగరములో నొక దుకాణముననో గిడ్డంగిలోనో పనిలో పెట్టి, పెట్టినవారి సంఖ్య ప్రకటించుట వీని సామాన్యపద్ధతి. ఆరునెలల పిమ్మట వారిలో ఎంతమంది నిలిచిరి? చేరినవారి సంఖ్య పెద్ద అక్షరములలోను, నిలిచినవారి సంఖ్య చిన్న అక్షరములలోను అచ్చగుచున్నది. పల్లెపిల్ల చెన్నపురికో బెంగుళూరుకో పోయి, నలుగురితో కలిసి ఒక్కగదిలో నుండి, జీతములో సగము అద్దెకును తిండికిని పోగా, జ్వరము వచ్చినపుడు మాటాడు దిక్కులేక ఇంటికి వచ్చినచో దానిని ఆమె చపలత్వమనుట అన్యాయము. పని చూపినవారు పిదప ఆరునెలలైనను ఆమె బాగోగులు విచారింపవలెను.

మరి ఏమి చేయవలెను? తెలుగుగడ్డమీద జరిగిన పనినే ఒకదానిని స్మరింతము. 1990 తరువాతి దశకమున రంగారెడ్డి జిల్లాలో మామిడిపూడి వెంకటరంగయ్య ఫౌండేషనువారు, శాంతా సిన్హాగారి నాయకత్వమున, పొలములలోను పశువులవెంటను పనిచేయుచున్న పిల్లలను బడికి మరల్చిరి. నేరుగా బడిలోనికి త్రోసివేయలేదు. పండ్రెండేండ్ల పిల్లవానిని ఆరేండ్లవారి ప్రక్కన కూర్చుండబెట్టిన వాడు మరునాడు రాడని వారికి తెలియును. మొదట కొన్ని నెలలు శిబిరములో నుంచి, అక్షరము మొదలు నేర్పి, వాని వయస్సునకు తగిన తరగతిలో చేర్చిరి. ఈ పని చేసినవారిలో అధికులు ఆ గ్రామముల యువకులే. వారు ఇంటింటికి పోయిరి. పిల్లలను పనికి పెట్టుకొన్న రైతులయొద్దకు పోయి, తగవులాడక, మాటలాడి ఒప్పించిరి. 2003 లో శాంతా సిన్హాగారికి మెగసెసె బహుమానము వచ్చినది. బహుమానము సంగతి యట్లుండనిండు. పాఠశాలకు దూరమైన బాలుని తిరిగి తెచ్చునది పథకము కాదు, వాని ఇంటికి నడచివచ్చిన మనుష్యుడు అని ఆ పనివలన రుజువైనది. పదునేడేండ్లవానికి అట్టి మనుష్యుడు నేటికిని లేడు.

ఆ మనుష్యుని మండలమున కొకనినైనను నియమింపుమని మేము రెండు ప్రభుత్వములను కోరుచున్నాము. వానికి పెద్దచదువు అక్కరలేదు. పదవ తరగతి తప్పి, సార్వత్రిక పరీక్ష వ్రాసి తిరిగి లేచినవాడైనచో మరియు మేలు. వాని మాట చెల్లును. వాని మొదటిపని మండలములోని ఉన్నత పాఠశాలల పాత హాజరుపట్టీలు తెప్పించి, గత ఐదేండ్లలో పేరు కొట్టివేయబడిన ప్రతి బాలుడు, ప్రతి బాలిక ఇప్పుడెక్కడ నున్నారో ఇంటికిపోయి తెలిసికొని వ్రాయుట. రెండవపని, వారి పత్రముల తగవులు వారితోకూడ కార్యాలయములకు తిరిగి తీర్చుట. సంవత్సరము పాటు వారిని విడువకుండుట మూడవపని. పత్రములు సరిచేయుటకు రుసుము లుండరాదు.

కూర్చుండుటకు చోటేది యందురా? ఊరూర గ్రంథాలయము గలదు, లేక ఉండవలెను. 1914 లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథభాండాగార సంఘమును నెలకొల్పిన అయ్యంకి వెంకటరమణయ్యగారికిని వారి సహచరులకును గ్రంథాలయమనగా బీరువాలు మాత్రమే కావు. 1935 లో పాతూరి నాగభూషణముగారు కాలువలో పడవమీద పుస్తకములు పల్లెలకు కొనిపోయిరి. చదువరి రానిచో చదువే వానియొద్దకు పోవలెనని ఆ పెద్దల మతము. నేడో? పలుచోట్ల గ్రంథాలయము ఉదయమున రెండు గంటలు పత్రికలకొరకు తెరువబడి, పిదప తాళము వేయబడుచున్నది. 1960 నాటి చట్టము ననుసరించి మీరు కట్టు ఇంటిపన్నులో రూపాయికి 8 పైసలచొప్పున గ్రంథాలయములకొరకు వసూలగుచున్నది. చదువరులారా, ఆ పైసలు మీవి. సాయంకాలము ఆరు మొదలు తొమ్మిదివరకు ఒక దీపము, ఒక బల్ల, గణితము చెప్పగల ఒక నిరుద్యోగ పట్టభద్రుడు ఆ గదిలో నుండవలెనని అడుగు హక్కు మీకు సంపూర్ణముగా నున్నది. ఆడుపిల్లలకు పగటివేళ రెండు గంటలు ప్రత్యేకింపవలెను. చీకటిపడినపిమ్మట వారిని ఎవరును పంపరు, పంపుమని వాదించుట వృథా.

భూవసతిగల మా చదువరులలో కొందరు ఈపాటికి పెదవి విరచియుందురు. ‘నాట్లకు మనుష్యులు దొరకక మేము చచ్చుచుండగా మిగిలినవారినిగూడ చదువుపేరిట తరలింపుమందురా?’ అని వారి ప్రశ్న. అయ్యా, ఆ అరుగుమీది పిల్లవాడు మీ నాట్లకు ఇప్పుడు మాత్రము వచ్చుచున్నాడా? రాడు. వాని తాత వంగినట్లు వాడు వంగడు; వంగవలెనని కోరు అధికారము మనకు లేదు. కాని మీ కోతయంత్రము గట్టుమీద ఆగిపోయినపుడు, మీ బోరుమోటారు కాలిపోయినపుడు, బాగుచేయువానికై పట్టణమునకు కబురంపి మూడుదినములు ఎదురుచూచుచున్నారు. ఆ మూడుదినములలో చేను నీటిపాలో ఎండపాలో అగుచున్నది. ఆ మరమ్మతు నేర్వగలవాడు మీ కంటియెదుట కాళ్లూపుకొనుచు కూర్చుండియున్నాడు. వానిని రెండేండ్లు శిక్షణకు పంపుటకు బస్సుఖర్చు పెట్టిన రైతుకు నష్టము లేదు.

పట్టణవాసులకును ఒక విన్నపము. ధాన్యపుమిల్లు, అచ్చుయంత్రశాల, మోటారు మరమ్మతుశాల, వైద్యశాల నడుపువారు మీలో ననేకులు. చట్టము మిమ్ము నిర్బంధించినను నిర్బంధింపకున్నను ఒక్కొక్క అప్రెంటిసును చేర్చుకొనుడు. చేర్చుకొన్నవానిచేత టీలు తెప్పించుచు, నేల తుడిపించుచు కాలము గడుపకుడు. ఆ పని చేయించు యజమానులు గలరు. వారి వలన తండ్రులు అప్రెంటిసనిన భయపడుచున్నారు. నాలుగుగంటలు పని, రెండుగంటలు నేర్పు అని కాగితముమీద వ్రాసి, తండ్రి యెదుట చేవ్రాలు చేయుడు.

ఏడేండ్ల క్రిందట మా కార్యాలయములో పనికి వచ్చిన యొక యువకుడు ఇంటర్మీడియటు మొదటి సంవత్సరములోనే చదువు మానినవాడు. రాత్రులు కాగితపుకట్టలపై కూర్చుండి చదివి రెండు సంవత్సరములలో పరీక్ష ముగించినాడు. మేము చేసిన సహాయమల్ల పరీక్షదినములకు సెలవిచ్చుట, ఒకమారు పుట్టినతేదీ తగవు తీర్చుటకు మాలో నొకరు వానివెంట కార్యాలయమునకు పోవుట. అది గొప్పగా చెప్పుకొనుటకు కాదు. అంతటితో సరిపోవు పిల్లలు ఎందరో గలరని చెప్పుటకు.

సార్వత్రిక విద్యాపీఠముల ప్రవేశప్రకటనలు సాధారణముగా వానకాలమున వెలువడును, గడువు కొలదివారములే. ఈయేడు ఆ ప్రకటన వెలువడిననాడు మీ ఊరి గ్రంథాలయపు గోడపై దానిని అంటింపించి, మీ వీథిలో చదువు మానిన పిల్లల యిండ్లకు మీరే స్వయముగా పోయి చెప్పుడు. ఆడుపిల్ల యున్న యింటికి మీ యింటి స్త్రీలను పంపుడు.